రాకడను గూర్చి ఒక సంవాదము

కర్నూలు, కడప మండలములలో పుట్టి పెరిగినవారికి యుగాంతమును గూర్చిన మాట పరాయిది కాదు. బనగానపల్లె చెంత రవ్వలకొండ గుహలో కూర్చుండి కాలజ్ఞానము వ్రాసెనని, కందిమల్లాయపల్లెలో సజీవసమాధి నొందెనని సీమ యెల్ల నమ్మునట్టి పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి పేరు వినని ఇల్లు ఇచ్చట అరుదు. యాగంటి బసవన్న నానాటికి పెరుగుచున్నాడనియు, కలియుగాంతమున లేచి ఱంకె వేయుననియు చెప్పుకొనుచు ఆ నంది చుట్టు తిరిగి చూచు యాత్రికులు నేటికిని కలరు. ఆ నేలమీదనే, 1822లో లండన్ మిషనరీ సొసైటీవారు కడపలో నాటిన సంఘమునుండియు, పిదప ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాలలలో ఆంగ్లికను మిషనువారు నడపిన బడులనుండియు, మరియొక నిరీక్షణ పల్లెపల్లెకు వ్యాపించినది. ఆకాశమేఘములమీద న్యాయాధిపతి వచ్చునను నిరీక్షణ అది. మా వైపు క్రైస్తవులు దానిని ‘రాకడ’ అని ఒక్క మాటలో చెప్పుదురు.

ఈ రాకడను గూర్చి ముత్యాలపాడు ప్రాంతమున ఒకే యింటివారైన ఇరువురు చేసిన వాదమును ఇచ్చట పొందుపరచుచున్నాను. పెద్దవాడు ఉద్యోగము చాలించిన తెలుగు ఉపాధ్యాయుడు, దక్షిణ ఇండియా సంఘమున ఆదివారపు పాఠములు చదువువాడు. చిన్నవాడు అతని అన్నగారి కుమారుడు, ఉజ్జీవ కూటములలో బోధించుచు ఊరూర తిరుగు సువార్తికుడు. ఇరువురును ప్రార్థనాపరులే, ఇరువురును ఒకే గ్రంథమును నమ్మినవారే. అందువలననే వారి వాదము నాస్తికునితో భక్తుడు చేయు వాదముకంటె లోతుగా సాగినది.

సువార్తికుడు: చిన్నాయనా, మీ సంఘములలో ఆగమన కాలము వచ్చినప్పుడు నాలుగు ఆదివారములు రాకడను గూర్చి చదువుదురు. క్రిస్మసు నక్షత్రము ఇంటిముందర వ్రేలాడదీసిన తోడనే ఆ మాట మరల సంవత్సరమువరకు ఎవరి నోటను వినబడదు. ఒలీవల కొండమీద కూర్చుండి ప్రభువు యుద్ధములను, కరువులను, భూకంపములను గుర్తులుగా చెప్పినది మనము చూచుటకు గాక మరి దేనికి? యజమానుడు ఆలస్యము చేయుచున్నాడని తలచి తోడి దాసులను కొట్టి, త్రాగుబోతులతో కూడి తినిన దాసుని కథను చెప్పినవాడును ఆయనయే గదా. నిద్రించువారిని లేపుట నా పని. లేపినందుకు మీరు నొచ్చుకొనుట నాకు వింతగా నున్నది.

ఉపాధ్యాయుడు: లేపవలదని నేననలేదు, నాయనా, లెక్కలు కట్టవలదంటిని. ఆ దినమును ఆ గడియను దేవదూతలు ఎరుగరనియు, కుమారుడును ఎరుగడనియు, తండ్రి ఒక్కడే యెరుగుననియు చెప్పిన నోరు ఎవరిది? నీవు చూపుచున్న ఆ కొండమీది ప్రసంగములోనిదే ఆ మాట. అయినను దానిని దాటి పోయినవారు ఎందరో. అమెరికాలో విలియం మిల్లరను బాప్టిస్టు బోధకుడు దానియేలు గ్రంథములోని 2300 దినములను సంవత్సరములుగా ఎంచి గణించెను. ఆతని అనుచరులు 1844 అక్టోబరు 22ను నిర్ణయించి, కొందరు పొలములోని పంటను కోయక విడిచి ఆకాశమువంక చూచుచు నిలిచిరి. తెల్లవారినది, ఏమియు జరుగలేదు, అనేకుల విశ్వాసము ఆ ఉదయముననే చెదరిపోయినది. తరువాత మరికొందరు 1914 అనిరి, ఇంకను కొందరు 1975 అని ఎదురుచూచిరి. 2011 మే 21 అని ఆ దేశపు రేడియో బోధకు డొకడు లోకమంతట చాటెను. ఇన్ని తెల్లవారుజాములు గడచిన తరువాతనైనను మనము కొంత జంకవలదా?

సువార్తికుడు: నేను తేదీ చెప్పువాడను కాను. ఋతువు చెప్పుచున్నాను. అంజూరపు కొమ్మ లేతదై చిగిర్చినప్పుడు వసంతము సమీపించినదని తెలిసికొనుడని ప్రభువే సెలవిచ్చెను. రెండువేల యేండ్లు చెదరియున్న జనము 1948 మే 14న మరల ఒక రాజ్యముగా నిలిచినది. 1967లో యెరూషలేము పాతపట్టణము వారి చేతికి వచ్చినది. ఇది మానవులు వ్రాసికొన్న చరిత్ర మాత్రమే అని మీరు నమ్మగలరా?

ఉపాధ్యాయుడు: రాజ్యములు లేచుటలోను పడుటలోను దేవుని హస్తము లేదని నేననను. అయితే నీవు చెప్పు చిగురునుండి లెక్క పెట్టినవారు, ఒక తరమనగా నలువది యేండ్లని తలచి, 1948కి నలువది చేర్చి 1988లో సంఘము ఎత్తబడునని పుస్తకములు వ్రాసిరి. ఆ యేడును గడచినది. గడచిన పిదప వారు తరము అనుదాని నిడివిని పెంచిరే గాని, గణన తప్పినదని సంఘమునకు చెప్పలేదు. కాలజ్ఞానమునకు ఈ మండలమున జరుగుచున్నదియు ఇదియే. ఒక వంతెన కూలినను, ఒక నాయకుడు మరణించినను, అది బ్రహ్మముగారు ముందే చెప్పినదని క్రొత్త వాక్యములతో క్రొత్త ప్రతులు వెలువడును. ప్రాచీనమైనది ఏదో, నిన్న చేర్చినది ఏదో చదువరికి తెలియదు.

సువార్తికుడు: ఆ పోలిక నాకు సమ్మతము కాదు. లేఖనములకు ఒక్క అక్షరము చేర్చువాడును తీసివేయువాడును శిక్షార్హుడని ప్రకటన గ్రంథపు చివర యోహాను హెచ్చరించెను. మా గ్రంథము మూసి ముద్ర వేయబడినది. తాళపత్రముల వలె దానికి నిత్యము ఆకులు మొలవవు.

ఉపాధ్యాయుడు: గ్రంథము మూయబడినది, నిజమే. అయితే దానిమీద వ్రాయు వ్యాఖ్యానములు ఏటేట క్రొత్తవై వచ్చుచున్నవి, వాటినే జనులు గ్రంథమని నమ్ముచున్నారు. నాకు వీరబ్రహ్మముగారియందు గౌరవము కలదు. అది ఆయన చెప్పిరను భవిష్యత్తువలన కలిగినది కాదు. దూదేకుల కులమున పుట్టిన సిద్ధయ్యను శిష్యునిగా చేర్చుకొని, ఆతనినే తనకు ప్రియతమునిగా నెంచెనను కథవలన కలిగినది. రానున్న కాలమును గూర్చి మాటాడినవాడు ఉన్న కాలములో ఎవరిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనెనో చూడవలెను. మన ప్రవక్తలను గూడ నేను ఆ త్రాసునందే తూచుదును.

ఇచ్చట వాదము కొంతదూరము వాడి తగ్గి సాగినది. వెయ్యేండ్ల పాలనకు ముందు మహాశ్రమలా, మహాశ్రమలకు ముందు సంఘము ఎత్తబడుటయా అను క్రమమును గూర్చి వారు మాటాడుకొనిరి. ఆ చర్చను నేను విడిచిపెట్టుచున్నాను. దానివలన ఏ పాఠకునకు మేలు కలుగునో నాకు కానరాదు. ప్రకటన గ్రంథములోని మృగము ముద్రను గూర్చిన మాట వచ్చినంతనే మరల వేడి పుట్టినది.

ఉపాధ్యాయుడు: నీ కూటమునకు వచ్చు అవ్వ యొకతె మొన్న రేషను దుకాణము కడ వేలిముద్ర యంత్రముమీద వేలుంచనని నిలిచినది. అది మృగము ముద్ర యట. వేసినచో జీవగ్రంథమున పేరు కొట్టివేయబడునట. ఆ నెల బియ్యము ఆమెకు అందలేదు. పెన్షను కూడ అట్లే పోవునని కోడలు ఏడ్చినది. ఏ దేవుని పేరిట ఆమె పస్తుండవలెను?

సువార్తికుడు: అది నేను చెప్పిన మాట కాదు. ఆధారు కార్డే ఆ ముద్ర అని నేను ఎన్నడును బోధింపలేదు. అయితే కొనుటయు అమ్ముటయు ఒక్క అధికారపు అనుమతికి లోబడు దినము వచ్చునని వ్రాయబడియున్నది. మనిషి వేలు ఒకచోట, వాని ధనము ఒకచోట, వాని అన్నము ఒకచోట, ఇవన్నియు ఒక్క యంత్రమునకు కట్టుబడుచున్న కాలమున ఆ వాక్యమును చదివి భయపడకుండుట ఎట్లు? యంత్రము పనిచేయని నాడు ముసలివారి అరిగిన వ్రేళ్లు పలుకక వెనుకకు పంపబడువారిని మీరు చూడలేదా?

ఉపాధ్యాయుడు: చూచితిని. అందుకే చెప్పుచున్నాను. వేలు పలుకక పస్తున్నవారి పక్షమున దుకాణము కడకు పోయి, తహసీల్దారు కార్యాలయమునకు పోయి, వారి బియ్యము వారికి ఇప్పించుట ప్రవక్త చేయవలసిన పని. యంత్రమే మృగమని చెప్పి వేలు వెనుకకు లాగించినచో ఆకలి రెండింతలగును. యోహాను ఆ ముద్రను గూర్చి వ్రాసినప్పుడు ఆసియాలోని తుయతైర వంటి పట్టణములలో, వృత్తి సంఘములలో చేరి విగ్రహముల పేరిట విందు తినక, చక్రవర్తిని దేవుడని మ్రొక్కక వ్యాపారము చేయుట దుర్లభముగా నుండెను. ఆ చదువరులకు అది చిక్కుముడి కాదు; అది వారి నిత్యజీవితము. ‘మీ నొసట ఎవరి పేరున్నది, ఎవరికి మీరు మ్రొక్కుచున్నారు’ అని ఆయన వారిని అడిగెను. ఆ ప్రశ్నకు రేషను యంత్రముతో పనిలేదు. అప్పుపత్రమునకు మ్రొక్కు షావుకారుతోను, ఓటుకు మ్రొక్కు నాయకునితోను, కానుకల పెట్టెకు మ్రొక్కు బోధకునితోను ఎంతయో పని కలదు.

సువార్తికుడు: చిన్నాయనా, మీరు చదువుకొన్నవారు, రోమా చరిత్ర తెలిసినవారు. అయితే మా కూటములకు వచ్చువారెవరో ఒక్కసారి చూడుడు. భూమి లేనివారు, వేరుశనగ ఎండి అప్పు తీర్చలేనివారు, వలసపోయి బెంగుళూరులో ఇటుకలు మోయువారు. వీరికి ఈ లోకమున ఏ కోర్టు న్యాయము చేసినది? గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను నరికి చంపిరి. ఆ గ్రామముననే ప్రత్యేక న్యాయస్థానము పెట్టి, 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసిరి. 2014లో హైకోర్టు వారినందరిని నిర్దోషులని విడిచిపెట్టినది. ఎనిమిదిమందిని చంపినవారెవరు లేరని తేలినది! అప్పుడు ఆ విధవరాండ్రు ఏ గ్రంథము తెరువవలెను? బలిపీఠము క్రింద నున్న హతుల ఆత్మలు ఎందాక ఆలస్యమని కేక వేయు అధ్యాయము తప్ప వారికి వేరు ఆదరణ ఎక్కడ? మీరు రాకడను ఒక ఉపమానముగా పలుచన చేసినచో, ఆ కేకకు జవాబు లేకుండ చేసినవారగుదురు. నేను బోధించుచున్నది భయము కాదు. తీర్పు మిగిలియున్నదని బోధించుచున్నాను.

ఈ మాటకు పెద్దవాడు వెంటనే బదులు పలుకలేదు. ఈ సంవాదమున చిన్నవాడు పలికిన వాక్యములన్నిటిలో బలమైనది ఇదియే యని నా నమ్మకము. రాకడ బోధను తెలివితక్కువతనమని త్రోసివేయు పట్టణవాసులు మొదట దీనికి సమాధానము వెదకవలెను.

ఉపాధ్యాయుడు: నీవు చెప్పినది కాదనను. తీర్పు లేనిచో నా ప్రార్థనకును అర్థము లేదు. సజీవులకును మృతులకును తీర్పు తీర్చుటకు ఆయన మహిమతో మరల వచ్చునని ప్రతి ఆదివారము నిలువబడి ఒప్పుకొనుచున్నాను, అది నాకు ఉపమానము కాదు. అయితే ఆ హతుల కేకకు ముందు అదే అధ్యాయములో ఏమి వచ్చినదో చూడుము. నల్లని గుఱ్ఱమొకటి వచ్చును. దానిమీద కూర్చున్నవాని చేతిలో త్రాసు. కూలివాని ఒక దినపు వేతనమునకు ఒక్క మనిషి తిండికి చాలునంత గోధుమలు, లేదా దానికి మూడింతల యవలు అని ధర పలుకబడును. నూనెకును ద్రాక్షారసమునకును మాత్రము హాని చేయవలదని ఆజ్ఞ కలుగును. పేదవాని ధాన్యము కరువగును, ధనవంతుని భోగము చెక్కుచెదరదు. యోహాను పత్మాసు ద్వీపమున చూచినది ఇది.

ఇప్పుడు మన సీమకు రమ్ము. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ధాత కరువును నా ముత్తవ్వ తన తల్లి నోట వినినదట. ఆమె చెప్పిన మాటలు మా యింట ఇంకను మిగిలియున్నవి. 1871 జనాభా లెక్కలను 1881 లెక్కలతో పోల్చిచూచినచో కర్నూలు జిల్లా జనులలో సుమారు నాలుగవ వంతు తరిగిపోయిరి. ఆ నడుమ 1877లో సర్ రిచర్డు టెంపులను దొర వచ్చి, కరువు పనులలో మన్ను మోయు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయును చాలునని నిర్ణయించెను. అది మనిషి ప్రాణము నిలుచుటకు చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిషు ఎదిరించెను. ఆ యేండ్లలోనే ఇండియానుండి గోధుమలు ఓడలకెక్కి ఇంగ్లండునకు పోవుచుండెను. తుంగభద్రకు సుంకేసుల కడ ఆనకట్ట కట్టి ఒక ప్రైవేటు కంపెనీ త్రవ్విన కర్నూలు-కడప కాలువ అప్పటికే ఉండెను. కాలువ యున్నను జనులు చచ్చిరి. ఒక పౌను ధాన్యము, ఒక అణా! ప్రకటన గ్రంథమున పలుకబడిన ధరకును ఈ ధరకును భేదమెంత? ఆ గుఱ్ఱము ఎప్పుడో రాబోవునని నీవు వేదికమీద చెప్పుచున్నావు. అది మన వీధిలో పోయినది, నాయనా. త్రాసు పట్టినవాని పేరు కూడ ప్రభుత్వ పత్రములలో నున్నది.

సువార్తికుడు: అట్లయినచో ఆ గుఱ్ఱము మరల మరల వచ్చుచునే యుండునా? ప్రతి కరువులోను ప్రకటన నెరవేరినదని మీరన్నచో, అంతమనునది ఎక్కడ? తిరిగి తిరిగి వచ్చు యుగచక్రమునకును మీ బోధకును భేదమేమి? మా తాత ముత్తాతలు కరువు గంజి త్రాగి బ్రతికి బాప్తిస్మము పొందినది, చక్రము ఆగి ఒకనాడు కొత్త భూమి వచ్చునని వినినందుకే గదా.

ఉపాధ్యాయుడు: అంతము కలదు. దాని తాళపుచెవి నా చేతిలో లేదు, నీ చేతిలోను లేదు, అంతియే. ఆ తాళపుచెవి తన చేతనున్నదని చెప్పువాడు జనులను రెండు విధముల చెఱుపును. మొదటిది, వారిని సోమరులను చేయును. థెస్సలొనీక సంఘములో దినము వచ్చేసినదని కలతపడి, పని మాని, ఇతరుల తిండి తినుచు తిరిగినవారికి పౌలు ఏమి వ్రాసెనో నీకు తెలియును: పని చేయనొల్లనివాడు భోజనమునకు అర్హుడు కాడని. రెండవది మరింత గొప్ప కీడు: దోషి తప్పించుకొనుటకు దారి చేయును. 2021 నవంబరు 19న చెయ్యేటిమీది అన్నమయ్య జలాశయపు కట్ట తెగి రాజంపేట దగ్గర పులపత్తూరు, మందపల్లి ఊళ్లను నీరు ముంచినప్పుడు, అంత్యదినములని నీ తోడి బోధకులు చెప్పగా నేను వింటిని. ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదని పార్లమెంటులోనే మాట వచ్చినది. పనిచేయని గేటును బాగుచేయని దోషమును దేవుని రాకడకు కట్టబెట్టుట ప్రవచనమా? ఆమోసు ఆ పని చేసియుండునా? కొలకుండను చిన్నది చేసి, తూనికరాతిని పెద్దది చేసి, తాలు గింజలు కలిపి పేదలకమ్మినవారిని ఆయన ఎదురుగా నిలిచి తప్పు పట్టెను. యెహోవా దినమును గూర్చి మాటాడినప్పుడు సహితము, ఆ దినము కొరకు ఆశపడు భక్తులనే ఆయన మొదట గద్దించెను. అది మీకు వెలుగు కాదు, చీకటియని.

సువార్తికుడు: 2009 అక్టోబరులో తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలు పట్టణము మునిగినప్పుడు నేను చిన్నవాడను. మేడమీద రాత్రియంతయు ప్రార్థించిన మా యమ్మ ఆ రాత్రి తరువాత మారిపోయినది. ఎవరితోను వైరము పెట్టుకొనలేదు. అంతము కండ్లయెదుట నిలిచినందువలననే ఆమె మనసు తిరిగెను. నేను సువార్తికుడనగుటకు కారణము ఆ రాత్రియే. మీరు చెప్పిన గేటు మాట నాకు తట్టలేదు, ఇకముందు చెప్పెదను. అయితే అంతము దగ్గరనున్నదను మాటను నా బోధనుండి తీసివేయలేను.

ఉపాధ్యాయుడు: తీసివేయుమని నేనడుగలేదు. మీ యమ్మ మరునాడు ఉదయము ఏమి చేసినదో కూడ నీ బోధలో చెప్పుము. బురద నిండిన వీధిలో దిగి, మతము కులము అడుగక, పొరుగింటి సాయిబుల పిల్లలకు అన్నము వండి పెట్టినది. ఆ సంగతి నీవు ఏ కూటమునను చెప్పగా నేను వినలేదు.

వారి వాదము ఇంతటితో ముగియలేదు, ముగియునని నేననుకొనను. నా తీర్పు అడిగినచో, పెద్దవాని పక్షమే నాది. అయితే చుండూరును గూర్చి చిన్నవాడడిగిన ప్రశ్నను విడిచి ఆ పక్షమున నిలువలేను. న్యాయము దొరకనివారికి రాకడ అక్కరలేదని చెప్పు హక్కు, న్యాయము దొరికినవారికి లేదు. తేదీలు నిర్ణయించువానిని, ముద్ర పేరిట పేదల అన్నమునకు అడ్డుపడువానిని వేదికనుండి దింపు హక్కు మాత్రము ప్రతి సంఘమునకును కలదు.

కూటములలో వాక్యము చెప్పు సోదరులకు ఒక్క మనవి. మత్తయి సువార్తలో గుర్తులను గూర్చిన 24వ అధ్యాయము చదివి ఆపివేయకుడు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టితివా, చెఱలో నున్నవానిని చూడబోతివా అని న్యాయాధిపతి అడుగు 25వ అధ్యాయమును ఆ కూటముననే, ఆ జనుల యెదుటనే, చివరివరకు చదువుడు.